నెకార్ తీరమున తిలోదకము





గత వారము మా దేవాలయమునకు ఒక దంపతులు వచ్చిరి. వారి కుమారుడు విద్యార్థి వినిమయ పథకములో ఒక విద్యాసంవత్సరము చదువుటకై జర్మనీ దేశమునకు వెళ్ళినాడట. డిసెంబరు మాసాంతమున అక్కడ విశ్వవిద్యాలయమునకు సెలవులు. వసతిగృహము నిర్మానుష్యమగును, భోజనశాల మూసివేయుదురు. "పిల్లాడు ఒక్కడూ ఏం చేస్తాడోనండీ, వాడి పేరున అర్చన చేయించండి" అని ఆ తల్లి అడిగినది. గోత్రనామములు చెప్పి అర్చన చేసితిని. హారతి ఇచ్చుచున్నాను గాని నా మనస్సు సన్నిధిలో లేదు. అది 1996వ సంవత్సరపు శీతకాలమునకు, మంచు కప్పిన ఒక నదీతీరమునకు పోయినది. ఈ విషయమును ఇంతవరకు ఎచ్చటను వ్రాయలేదు. ఇందు ప్రస్తావనకు వచ్చు మిత్రులిద్దరును ఇప్పుడు క్షేమముగా ఉన్నారు. వారి అనుమతితోనే వ్రాయుచున్నాను, పేర్లు మాత్రము వ్రాయను.

దేవాలయార్చకునకు జర్మనీ దేశముతో ఏమి సంబంధమని చదువరులకు సందేహము కలుగవచ్చును. నేను కోనసీమలోని ఒక అగ్రహారమున పుట్టినవాడను. ఎనిమిదవ యేట ఉపనయనమైన పిమ్మట వేదపాఠశాలలో చేరి కృష్ణ యజుర్వేదము క్రమాంతము చదివితిని. తదుపరి తిరుపతిలో వ్యాకరణము చదువుచు పరిశోధన ఆరంభించితిని. ఆ కాలమున జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయపు భారతీయ విద్యావిభాగమునకు, తైత్తిరీయ శాఖను స్వరసహితముగా వల్లించగల విద్యార్థి ఒకడు కావలసి వచ్చెను. వారి విద్యార్థి ఇక్కడికి, ఇక్కడి విద్యార్థి అక్కడికి. ఇంగ్లీషు అంతంతమాత్రముగా, జర్మను అసలే రాకుండ ఉన్న నన్ను ఎంపిక చేయుటకు నా పాండిత్యము కారణము కాదు. నాతోటి వారెవ్వరును ఇంట పెద్దలను ఒప్పింపలేకపోయిరి, అంతే.

మా తండ్రిగారు మాత్రము ఒప్పుకొనిరా యనిన, అదియును లేదు. బౌధాయన మహర్షి పతనీయ కర్మలను చెప్పుచు సముద్రసంయానముతోనే మొదలుపెట్టెను. "విమానంలో వెళ్తే సముద్రసంయానం ఎలా అవుతుంది నాన్నగారూ?" అని నేను తర్కము చేసితిని. ఆయన తర్కమునకు దిగలేదు. స్వామికి చామంతి మాల కట్టుచు, తల ఎత్తకుండ, "సంధ్య మానకు. అడగనిది చెప్పకు" అని రెండు మాటలు అనిరి. మొదటిది నాకు అప్పుడే అర్థమైనది. రెండవది మనువు చెప్పినదే గదా అని తేలికగా తీసికొంటిని.

ట్యూబింగెన్ చిన్న ఊరు, విశ్వవిద్యాలయము మాత్రము 1477లో స్థాపింపబడినది. పీటర్స్‌బర్గు సంస్కృత నిఘంటువును బోట్లింగ్ పండితునితో కలిసి 1855 మొదలు 1875 వరకు రచించిన రుడోల్ఫ్ రోత్ ఇక్కడి ఆచార్యుడే, గ్రంథాలయాధికారియు. ఆయన కాలమున కాశ్మీరమునుండి వచ్చిన అథర్వవేద పైప్పలాద శాఖ ప్రతి, భూర్జపత్రములపై శారదా లిపిలో వ్రాసినది, ఆ గ్రంథాలయమున ఉన్నది. ఈ శాఖకు లోకమున ఇది యొక్కటే ఆధారమని పాశ్చాత్యులు చాలకాలము తలచిరి. 1950ల చివర దుర్గామోహన భట్టాచార్యులవారు ఒడిశా గ్రామములకు వెళ్ళి చూచినప్పుడు, అదే శాఖవారు తాళపత్రములతో సహా తమ ఇండ్లలో ఉండిరి. తాము అంతరించినట్లు వారికి ఎవ్వరును చెప్పలేదు. ఈ కథను అక్కడి ఆచార్యుడే నవ్వుచు నాకు చెప్పినాడు.

నా పని తేలికయైనదే. వారు అనువాకము పేరు చెప్పుదురు, నేను వల్లించుదును, యంత్రము దానిని గ్రహించును. కష్టమంతయు నిత్యకర్మతో వచ్చినది. ధనుర్మాసమున అక్కడ సూర్యోదయము ఎనిమిది గంటలు దాటిన పిమ్మట, అస్తమయము నాలుగున్నరకు. మధ్యాహ్నికమునకు, సాయంసంధ్యకు నడుమ ఒక్క పాఠము కూడ పట్టదు. సంకల్పములో దేశమును ఎట్లు చెప్పవలెనను చిక్కు ఒకటి. మా ఇంట గోదావరి పాయలను స్మరించి చెప్పుదుము. అక్కడ గది కిటికీనుండి కనబడునది నెకార్ నది, పోయి రైన్ నదిలో కలియునది. నాలుగు దినములు ఆలోచించి చివరకు నెకార్ నదీతీరమనియే చెప్పనారంభించితిని. మొదటి దినము నాకే నవ్వు వచ్చినది. తరువాత అలవాటైనది.

ఇక అసలు విషయమునకు వచ్చెదను. ఆ ధాతృ నామ సంవత్సరము కోనసీమవారు మరచునది కాదు. నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణమున తుపాను తీరము దాటినది. వేయిమందికి పైగా మరణించిరి. సముద్రము మీదకు పోయిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. కొబ్బరితోటలు వరుసలకు వరుసలు నేల కూలినవి. ఈ ఉపద్రవము జరిగిన నాలుగు దినములకు నేను ట్యూబింగెన్‌లో నరకచతుర్దశీ స్నానము చేసి, యమునకు పదునాలుగు నామములతో తర్పణము విడిచి, రాత్రి కిటికీలో రెండు మైనపు దీపములు వెలిగించి దీపావళి చేసికొంటిని. నాకు తెలియదు! మరునాడు విభాగములో ఆచార్యుడు ఒక పత్రికను ముందుంచి, చిన్న వార్తపై వ్రేలు పెట్టి, "ఇది మీ ప్రాంతమేనా?" అని అడిగెను. జర్మను అక్షరములలో కాకినాడ అను మాట ఒక్కటే చదువగలిగితిని.

టెలిఫోను తీగెలు తెగిపోయినవి. కార్డు తరువాత కార్డు కొని, వీధిలోని టెలిఫోను పెట్టెలో నిలుచుండి, అమలాపురములోని మా మేనమామగారి సంఖ్యను త్రిప్పుచునే ఉంటిని. నవంబరు చివర తండ్రిగారి ఉత్తరము వచ్చినది. అందరును క్షేమము. ఇంటి కప్పు సగము పోయినది. ధ్వజస్తంభము నిలిచినది, దాని ఎదుటి రావిచెట్టు కూలినది. "నిత్యనైవేద్యం ఒక్కరోజు కూడా ఆగలేదు" అని ఉత్తరమంతటిలో ఆ వాక్యమునకు మాత్రము క్రింద గీత గీసిరి.

డిసెంబరు సెలవులు ఆరంభమైనవి. విదేశములో మొదటిసారి సెలవులు గడిపిన విద్యార్థులకు ఆ నిశ్శబ్దము తెలియును. 24వ తేదీ మధ్యాహ్నమునకు దుకాణములన్నియు మూతపడును. 25, 26 తేదీలు రెండును పూర్తి సెలవులు. ఎవరి ఇంట వారు తలుపులు వేసికొందురు. అందుచేత స్టుట్‌గార్ట్‌లో చదువుచున్న మా ఊరి మిత్రుడొకడు, "నీ దగ్గరికే వస్తాను, నువ్వు బయట తినవు గదా" అని టెలిఫోను చేసినప్పుడు నాకు ప్రాణము లేచి వచ్చినది.

ఇతడు నాతోపాటు పాఠశాలలో చేరినవాడు. రెండవ కాండము ముగియకమునుపే, పన్నెండవ యేట, గోడ దూకి వెళ్ళిపోయి ఉన్నత పాఠశాలలో చేరినాడు. మా గురువుగారు అతని పేరు మరల ఎత్తలేదు. కాని అతని స్వరము పాఠశాల అంతటిలో శ్రేష్ఠమైనది. ఆ విషయము గురువుగారికిని తెలియును. ఇంజనీరింగు చదువునకై వచ్చి అక్కడ యంత్రముల నడుమ ఉండెను. బియ్యము మూట, కందిపప్పు, చింతపండు, ఎక్కడనో సంపాదించిన కరివేపాకుతో దిగినాడు. అతని వెనుక మరియొక మిత్రుడు.

ఈ రెండవవానిని నేను పదునెనిమిది సంవత్సరముల తరువాత చూచుట. సముద్రపు ఒడ్డున పల్లెనుండి మా ఊరి ప్రాథమిక పాఠశాలకు నడచి వచ్చెడివాడు. నాకు ఉపనయనమగు వరకు మేము ఒకే బల్లపై కూర్చుండువారము. వాని తండ్రి చిన్ననాడే పోయినాడు. అన్న వేటకు పోయి వీనిని చదివించినాడు. ఆ అన్న సంపాదనతోనే మద్రాసు ఐఐటీ వరకు వెళ్ళి, సముద్రపు ఇంజనీరింగు చదివి, వినిమయ విద్యార్థిగా హాంబర్గ్‌లో నౌకానిర్మాణము నేర్చుకొనుచుండెను. మద్రాసు ఐఐటీ 1959లో పశ్చిమ జర్మనీ సహాయముతో ఏర్పడినది గనుక అక్కడినుండి అట్లు వచ్చు విద్యార్థులు ఆ రోజులలోనూ ఉండిరి.

స్టేషనులో నన్ను చూచి, "బాగున్నారాండీ పంతులుగారూ" అనెను. బల్లపై ప్రక్కన కూర్చుండినవాడు నన్ను 'అండి' అనుట నాకు కష్టము కలిగించినది. కాని నేను కూడ "ఒరేయ్" అనలేదు. నోరు రాలేదు.

రెండు దినములు బాగుగనే గడచినవి. నేను వండుదును, పాఠశాల మిత్రుడు తరుగును, మూడవవాడు గిన్నెలు కడుగును, వద్దన్నను వినడు. ఇంటి యజమానురాలు, వృద్ధురాలు, ఒక పళ్ళెము నిండ మిఠాయిలు తెచ్చి ఇచ్చినది. అందు కోడిగ్రుడ్డు ఉన్నదేమో అడుగుటకు మా మిత్రునికి జర్మను వచ్చును గాని ధైర్యము చాలలేదు. కాబట్టి నా వంతును కూడ అతడే తినివేసెను. మాట్లాడినదంతయు ఊరి ముచ్చటే. పంతులుగారి బెత్తము, లాకుల దగ్గర ఈత, సప్తమి తీర్థములో జీళ్ళు. తుపాను మాట మాత్రము మువ్వురిలో ఎవ్వరును ఎత్తలేదు.

24వ తేదీ సాయంకాలము. ఆ దినము మార్గశిర పూర్ణిమ. పిఠాపురము ప్రాంతమువారము గనుక దత్తజయంతి మాకు పెద్ద పండుగ. గదిలోనే దత్తమూర్తికి పూజ చేసి, నైవేద్యము పెట్టి, ముగ్గురము కూర్చుంటిమి. బయట గంటలు మ్రోగుచుండెను. పూర్ణచంద్రుడు మంచుపై ఎంత ప్రకాశముగా ఉండెననిన, కిటికీ కడ్డీల నీడ గోడపై స్పష్టముగా పడినది. అప్పుడు మూడవవాడు, విస్తరి బదులు వేసికొన్న పింగాణీ పళ్ళెమును చూచుచు అడిగెను:

"మా అన్నకి నీళ్ళొదలాలా ఒద్దా, పంతులుగారూ? మూడోతేదీన ఏటకెళ్ళాడు. ఇంకా రాలేదు. ఊళ్ళో తలోమాటా అంటన్నారంట. దినం చేసెయ్యమని కొందరు, ఒదిన గాజులు తియ్యాలని కొందరు. అమ్మ ఒప్పుకోటం లేదంట. మీరు సదువుకున్నోరు గదా."

మహాశయులారా, ఇప్పుడు నేను చేసిన పని చెప్పవలసి ఉన్నది. నేను సమాధానము చెప్పితిని. తడుముకొనకుండ చెప్పితిని. దేశాంతరగతుడై వార్త తెలియని వానికి పన్నెండు సంవత్సరములు నిరీక్షింపవలెననియు, ఆ పిమ్మట 360 మోదుగ పుల్లలతో ప్రతికృతి చేసి పర్ణనర దాహము చేయవలెననియు, మరణము నిశ్చయమైనచో వెంటనే చేయవచ్చుననియు, నిశ్చయమనగా ఏమో, అశౌచము ఎన్నడు మొదలగునో, అన్నియు వరుసగా, పరీక్షాధికారి ఎదుట కూర్చుండినట్లు చెప్పితిని. నిజము చెప్పవలెననిన, చెప్పుచున్నంతసేపు నాకు ఆనందముగా ఉండెను. చదివినది ఇన్నాళ్ళకు ఒకరికి పనికివచ్చినది గదా అని!

అతడు "అలాగేనండి" అనెను. లేచి, గిన్నెలు తీసికొని, కడుగుటకు వెళ్ళినాడు. నీటి చప్పుడు చాలసేపు వినబడినది.

పాఠశాల మిత్రుడు నా వంక చూచి, గొంతు తగ్గించి, "వాడు నిన్ను ధర్మసింధు అప్పగించమన్నాడట్రా?" అనెను.

నేను మాటలాడలేదు. చామంతుల మాల కట్టుచున్న మా తండ్రిగారు కన్నుల ఎదుట నిలిచిరి. పాఠశాలలో పాఠము అప్పగించుట యనిన గురువు ఎదుట తప్పు లేకుండ వల్లించుట. నేను చేసినది సరిగా అదియే. వాడు అడిగినది శాస్త్రము కాదు. అడిగిన మాటల రూపము మాత్రము శాస్త్రప్రశ్నవలె ఉన్నది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండు గంటల వేళ చూచితిని గదా, అతడు కిటికీ కడ కూర్చుండి ఉన్నాడు. నేను లేచి ప్రక్కన కూర్చుంటిని. కొంతసేపటికి, నా వంక తిరుగకుండ, తనలో తాను అనుకొనుచున్నట్లుగా, "ఉన్నాడో లేడో నాకు తెల్దు. పడవలో మంచినీళ్ళ బిందె ఒకటే ఉంటది. రెండ్రోజులకే సరిపోద్ది. చుట్టూ అన్ని నీళ్ళూ... దాహమేస్తదేమో అని, అంతే" అనెను.

చచ్చినవాని గూర్చి కాదు, బ్రతికినవాని గూర్చి కాదు, దాహము గొన్నవాని గూర్చి అడిగినాడు. నాకు ఒళ్ళు జలదరించినది.

తర్పణమును మనము పితృకార్యముగా మాత్రమే తలచుచున్నాము. ఆ శబ్దమునకు అర్థము తృప్తి కలిగించుట. దేవతలకు తర్పణము చేయుచున్నాము, ఋషులకు చేయుచున్నాము. వారు మరణించిరని చేయుచున్నామా? మాఘ శుక్ల అష్టమినాడు సంతానము లేని భీష్మునకు ఆసేతుహిమాచలము నీళ్ళు విడుచుచున్నది. తండ్రి జీవించియున్నవారు సైతము విడువవచ్చునని పెద్దలు అనుమతించిరి. ఆ మహాపురుషునకు మనము ఏ వరుస? అంతియ కాదు. నిత్యతర్పణము చివరి భాగమున, బంధువులైనవారికి, కానివారికి, పూర్వజన్మలలో బంధువులైనవారికి, నీరు ఇచ్చువారు లేనివారికి, బ్రహ్మ మొదలు గడ్డిపోచ వరకు గల సమస్త ప్రాణులకు జలము విడుచు విధి ఉన్నది. సమస్తము అను మాటలో ఉన్నవాడును ఉన్నాడు, పోయినవాడును ఉన్నాడు. అక్కడ మరణ నిశ్చయము అక్కరలేదు. ఈ శ్లోకములను నేను బాల్యమునుండి ఎరుగుదును. నా తండ్రి జీవించియుండుటచేత నేను స్వయముగా పితృతర్పణము చేయువాడను కాను. బహుశః అందుచేతనే ఆ భాగమునకు నాలుక తప్ప మనస్సు తగులలేదు.

మరి ఎవరు విడువవలెను? నేను కాదు. అతని తండ్రి గతించినాడు గనుక అతడే అధికారి. వేదమంత్రములు లేకున్నను నమోంతములైన నామములతో తర్పణము చేయుటకు స్మృతులు అందరికిని అవకాశమిచ్చినవి. పితృపితామహులకు చేయును. ఆ వెనుక సమస్త భూతములకు విడుచును. విడుచునప్పుడు మనస్సులో ఎవరు మెదలుదురో అడుగుటకు నేనెవడను?

ఇదంతయు అప్పుడే వానికి చెప్పలేదు. "రేపు మధ్యాహ్నం నదికి వెళ్దాం. నువ్వు మీ నాన్నకి నీళ్ళు వదులుదువుగాని" అని మాత్రము అంటిని. "సరే" అనెను. 'అండి' రాలేదు. నేను గమనించితిని.

మరునాడు బుధవారము, తిలతర్పణమునకు నిషేధము లేని దినము. నువ్వులు ఎక్కడివి యని మీరు అడుగవచ్చును. సంక్రాంతికి ఉండలు చేసికొమ్మని మా అమ్మ నల్లనువ్వులు కట్టి ఇచ్చినది. దర్భలు బ్రహ్మయజ్ఞమునకై నాయొద్ద ఉన్నవి. ముగ్గురము దుప్పట్లవంటి కోట్లు తొడుగుకొని నది నడుమనున్న ద్వీపమునకు పోతిమి. అచ్చట ఇరుప్రక్కల పెద్ద చెట్ల బాట ఉన్నది. ఆకు ఒక్కటి లేదు. ఊరిలో మనుష్య సంచారము లేదు. ఒడ్డున నీరు గాజు పలకవలె గడ్డకట్టి ఉండెను, నడుమ మాత్రము ప్రవాహము నల్లగా కదలుచుండెను.

ఆ ఊరిలో గడకర్రతో నడుపు పొడవైన అడుగుచదును పడవలు ఉన్నవి, వేసవిలో విద్యార్థులు వానిపై విహరింతురు. చలికాలము గనుక ఒకటి ఒడ్డున బోర్లించి ఉండెను. అతడు దాని అడుగుభాగముపై చేయి వేసి, చెక్కల అతుకుల వెంట వ్రేళ్ళు నడిపి, "మా కాలవ దోనెలాగే ఉంది. కీలు బాగా కొట్టారు" అనెను. మంచునీటిలోనికి దిగుటకు మునుపు వాని నోట వచ్చిన మాట అది.

ఒడ్డు మంచును మడమతో పగులగొట్టి నీటి అంచున నిలిచితిమి. ఉత్తరీయము లేదు, మెడలోని ఉన్ని మఫ్లరునే ఎడమ భుజమునుండి కుడి భుజమునకు మార్పించి, దక్షిణాభిముఖునిగా నిలిపితిని. చేతితొడుగులు తీయుమంటిని. బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడుమనుండి నీరు ఎట్లు విడువవలెనో చూపితిని. గోత్రము తెలియదనెను; తెలియనివారికి కాశ్యప గోత్రము. తండ్రి పేరు చెప్పినాడు, తాత పేరు చెప్పినాడు. ముత్తాత వద్ద ఆగిపోయినాడు.

"పేరు తెల్దు. ఆయన కూడా సముద్రంలోనే పోయాడని మాయమ్మ అంటది."

పేరు తెలియని ప్రపితామహుని దివిషత్ అను నామముతో పిలువవచ్చును. దివియందు కూర్చుండువాడు అని అర్థము. అర్థము చెప్పితిని. ఒకసారి తల ఎత్తి ఆకాశము చూచి, నీళ్ళు విడిచెను.

అటు తరువాత సమస్త ప్రాణులకు అని చెప్పితిని. శ్లోకము నేను చెప్పవలసినది, నా కంఠము పట్టివేసినది. అప్పుడు వెనుకనుండి పాఠశాల మిత్రుడు, పదునాలుగు సంవత్సరముల క్రిందట గోడ దూకినవాడు, ఒక్క అక్షరము తప్పకుండ అందుకొనెను. మా గురువుగారు వినియుండిన బాగుండుననిపించినది. ఆ శ్లోకము ముగిసినను వాడు ఆగలేదు. ఒక దోసిలి, మరియొక దోసిలి, లెక్కకు మూడు విడువవలసినది, ఎన్ని విడిచినాడో మేము లెక్కింపలేదు. వ్రేళ్ళు ఎఱ్ఱబడి వంకరలు పోవుచుండెను. చివరకు మా మిత్రుడే వాని మణికట్టు పట్టుకొని, "చాలురా" అని వెనుకకు తీసికొనివచ్చెను.

త్రోవలో ఎవ్వరమును మాటలాడలేదు. గది చేరి, చేతులు వెచ్చచేసికొని, చారు వేసికొని తినునప్పుడు అతడు నాతో, "ఒరే, ఉప్పు తక్కువేశావు" అనెను. ఆ 'ఒరే' ఇన్ని సంవత్సరములైనను నా చెవిలో ఉన్నది.

సెలవుల తరువాతి సంగతులు క్లుప్తముగా చెప్పెదను. 1997 వేసవిలో నేను తిరిగి వచ్చితిని. ప్రాయశ్చిత్తము చేసికొంటిని, పరిశోధన ముగించితిని, కొన్నాళ్ళకు తండ్రిగారి స్థానమున స్వామి సేవలో కుదిరితిని. నది ఒడ్డున జరిగినది నాకు నేను క్షమించుకొనుటకు ఉపకరించినది గాని, ఆ పూర్ణిమనాడు అప్పగించిన పాఠము మాత్రము ముల్లువలె ఉండినది. దానికి ఏమి గతి పట్టినదో ఊరికి వచ్చిన పిమ్మట తెలిసినది. మా మిత్రుడు ఇంటికి వ్రాసిన ఉత్తరములో నా మాటలన్నియు ఉన్నవట. వాని తల్లి, చదువు రాని ఆమె, ఆ ఉత్తరము చదివించుకొని అందులో ఒక్క ముక్క పట్టుకొన్నది: పన్నెండేళ్ళు. "అయ్యగారు పన్నెండేళ్ళు చూడమన్నారు. శాస్త్రంలో ఉందంట" అని పల్లె పెద్దల ఎదుట కూర్చుండినదట. కోడలి గాజుల మాట మరల ఎవ్వరును ఎత్తలేదు. ఏ వాక్యమునకు నేను సిగ్గుపడుచుంటినో ఆ వాక్యము ఒక ఇంటికి అడ్డుగోడయైనది. ఇందు నా గొప్ప ఏమియు లేదు. నేను చెప్పిన తీరు తప్పు. ధర్మశాస్త్రకారులు ఆ గడువు పెట్టుటలో తప్పు లేదు. ఎదురుచూచువారిని తొందరపెట్టకుడని వారు చెప్పినట్లు నాకు ఇప్పుడు తోచును, అప్పుడు అది ఒక సంఖ్యగా కనబడినది.

దానివలన కష్టము లేకపోలేదు. ఏడు సంవత్సరములు వార్త లేనిచో మరణించినట్లు తలచుట నాడు అమలులో నుండిన సాక్ష్య చట్టములోని 108వ విభాగము. ఆ గడువు ముగిసిన పిమ్మట కాగితముల పనికై కోడలు సంతకము పెట్టవలసి వచ్చినది. అత్తకు చెప్పకుండ పెట్టినది. బొట్టు తీయలేదు. ఇద్దరు పిల్లల చదువు నడువవలెను గదా. అడిగిన నేనేమి చెప్పియుందునో గాని, ఆమె నన్ను అడుగలేదు, నేనును చెప్పలేదు.

2008లో పన్నెండు సంవత్సరములు నిండినవి. మిత్రుడు విదేశమునుండి వచ్చినాడు. దేవాలయార్చకులము గనుక అపరకర్మలు చేయించుట మాకు వాడుక కాదు. వేరొక బ్రహ్మగారిని పిలిపించితిని. మోదుగ పుల్లలు మాత్రము నేనే తెప్పించితిని. ముందునాటి సాయంకాలము వారి ఇంటి అరుగుపై కూర్చుండి ఇద్దరము లెక్కపెట్టితిమి. శిరస్సునకు 40, కంఠమునకు 10, అట్లు విడివిడిగా కట్టలు. రెండుసార్లు లెక్క తప్పినది. మూడవసారి వాడు గట్టిగా లెక్కించుచుండగా, ముసలి తల్లి గోడకు ఆనుకొని కట్టలవంక చూచుచుండెను. ఏడ్చుట లేదు. కొంతసేపటికి నన్ను అడిగినది:

"ఆ దేశంలో నా కొడుకు నీళ్ళొదిలాడంట గదయ్యా, ఆ ఏరు... మంచినీళ్ళేనా?"

"మంచినీళ్ళేనమ్మా. చాలా చల్లగా ఉంటాయి."

ఆమె తల ఊపినది. వాడు నూట ఎనభై దగ్గర ఆగి మావంక చూచి, మరల మొదటినుండి లెక్కింప నారంభించెను.